"ప్రకృతి చాలా అందమైనది" అని రాశాక ఇంకేం రాయాలి?

పోయిన నెల ఈ పేజీ కింద "పిల్లల నేచర్ జర్నల్ గురించి డౌట్లుంటే పంపండి" అని చిన్న బాక్స్ వేశాం (నేచర్ జర్నల్ అంటే చుట్టూ ఉన్న చెట్టూ పిట్టా పురుగూ చూసి రాసుకునే నోట్‌బుక్). ఏదో నాలుగైదు వస్తాయిలే అనుకుంటే ఉత్తరాలు, మెయిల్స్, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కలిపి కుప్ప పడ్డాయి, అందులో సగం అమ్మానాన్నలవే (హోంవర్క్ ఎవరు చేస్తున్నారో అర్థమైంది లెండి). ఒకేలాంటివి కలిపేసి కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నా. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేర్లూ వేయట్లేదు.

ప్రశ్న: మేడం, మా బయాలజీ టీచర్ నేచర్ జర్నల్ రాయమన్నది, ఎఫ్ఏల ప్రాజెక్టు మార్కులు దీనికే అంట. నేను "ప్రకృతి చాలా అందమైనది, చెట్లు మనకు ఆక్సిజన్ ఇస్తాయి, చెట్లను కాపాడుకోవాలి" అని రాసిన. ఒక పేజీ గూడ నిండలే. ఇంకేం రాయాల్నో తెలుస్తలేదు. మా బడి గేటు కాడ పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఒక్కటే ఉన్నది. - తొమ్మిదో తరగతి అమ్మాయి, సిద్దిపేట జిల్లా

తల్లీ, నీ ఉత్తరంలో జర్నల్‌కి పనికొచ్చే లైను ఒక్కటే ఉంది, అది చివర్లో నువ్వు విసుగ్గా రాసిన నిద్రగన్నేరు లైను. మిగతా మూడు వాక్యాలూ తప్పు కాదు కానీ అవి రాయడానికి బయటికి వెళ్లక్కర్లేదు, తలుపేసుకుని మంచం మీద పడుకుని కూడా రాసేయొచ్చు, సిద్దిపేటలో రాసినా సింగపూర్‌లో రాసినా అక్షరం మారదు. జర్నల్‌లో ఉండాల్సింది ఆ రోజు, ఆ టైంకి, నువ్వు అక్కడ నిలబడితేనే రాయగలిగేది. అందుకే ముందు తేదీ, టైం, ఎండా మబ్బా గాలా, ఎక్కడ నిలబడ్డావు, ఇవి రాయకుండా పెన్ను ముందుకి కదపొద్దు.

ఒక్క చెట్టు చాలు, నిజంగానే చాలు. పది చెట్ల గురించి ఒక్కో లైను రాసేకంటే ఒకే చెట్టుని వారానికి రెండుసార్లు వెళ్లి చూడు. పైగా నీకు దొరికింది నిద్రగన్నేరు, రోజూ ఏదో ఒకటి చేసే చెట్టు, పొద్దున విచ్చుకున్న ఆకులు సాయంత్రానికి ముడుస్తుంది, బాగా మబ్బు పట్టినా ముడుస్తుంది. నీ పేజీ ఇట్లా ఉండొచ్చు:

"జులై 9, సాయంత్రం 5:50, మబ్బుగ ఉన్నది, గాలి లేదు. గేటు దిక్కు కొమ్మకు ఆకులు సగం ముడుచుకున్నయ్. రోడ్డు దిక్కు కొమ్మకు ఇంకా ముడుచుకోలే. కింద రాలిన కాయ ఒకటి పగిలి లోపల జిగురు కనబడుతున్నది, దాని సుట్టు నల్ల చీమలు. డౌటు: రెండు కొమ్మలు ఒక్క చెట్టువే గదా, ఒక్క టైంకు ఎందుకు ముడుచుకోలే?"

దీంట్లో "అందమైన" అనే మాటే లేదు, అయినా చదివినవాళ్లకి చెట్టు కనబడుతుంది. నీ ఇంటి భాషలోనే రాయి, పుస్తకాల భాష రావట్లేదని ఆగిపోవద్దు, టీచరమ్మ ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించు.

ఆ ముడుచుకోవడం గురించి కొంచెం చెప్తా, మొత్తం చెప్పను. ఆకు కాడ మొదట్లో కొద్దిగా ఉబ్బిన భాగం ఉంటుంది, పల్వైనస్ అంటారు, వేలితో తడిమితే తెలుస్తుంది. అందులో ఒకవైపు కణాల్లోకి నీళ్లు చేరి రెండోవైపు కణాల్లో తగ్గితే ఆకు వంగుతుంది, నీళ్లు మళ్లీ అటునుంచి ఇటు మారితే విచ్చుకుంటుంది. అత్తిపత్తి ముట్టుకోగానే ముడుచుకునేదీ ఇదే పద్ధతిలో. మరి చీకటి పడిందని చెట్టుకెట్లా తెలుసు? 1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే ఆయన, మొక్కల సైంటిస్టు కూడా కాదు, నక్షత్రాలు చూసుకునే మనిషి, అత్తిపత్తి లాంటి మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు లేకపోయినా పగటి టైంకి ఆకులు విచ్చుకుంటూ రాత్రి టైంకి ముడుచుకుంటూనే ఉన్నాయి. అంటే వెలుతురొక్కటే కాదు, మొక్క లోపల కూడా ఏదో టైం నడుస్తోంది. మీ గేటు దగ్గర స్ట్రీట్‌లైట్ ఉంటే దాని పక్క కొమ్మ లేటుగా ముడుస్తుందేమో చూడు, అది నేను ఇక్కడ కూర్చుని చెప్తే నీ జర్నల్ ఎట్లా అవుతుంది?

ఇంకా పేజీ నిండకపోతే ఒక చిట్కా. కాలిఫోర్నియాలో జాన్ మ్యూర్ లాస్ అని నేచర్ జర్నల్ నేర్పే ఆర్టిస్టు ఉన్నాడు, ఆయన పిల్లల్ని మూడే అడుగుతాడు: ఏం గమనించావు, ఏం డౌటొచ్చింది, ఇది చూస్తే నీకు ఏది గుర్తొస్తోంది. మూడోది చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఏడో ఫ్లోర్ అండీ. బాబు సిక్స్త్ క్లాస్. "నీ చుట్టూ ఉన్న ప్రకృతి" అని జర్నల్ రాయమన్నారు, మా చుట్టూ ఉన్నది పావురాలు, ట్రాఫిక్. వీకెండ్ వికారాబాద్ తీసుకెళ్తే సరిపోతుందా? ఇంకోటి, బాల్కనీలో నిమ్మ, కరివేపాకు కుండీలకి పురుగు పట్టింది, ఏ మందు కొట్టాలి? - ఒక అమ్మ

ఆగండాగండి, మందు కొట్టకండి! మీ రెండో ప్రశ్నే మొదటిదానికి జవాబు.

ఆకు మీద పిట్ట రెట్ట పడ్డట్టు నల్లగా తెల్లగా ఉన్న చిన్న పురుగు, లేదా కాస్త పెద్దదై పచ్చగా ఉన్న పురుగు, ఇట్లాంటివే అయితే అవి చాలావరకు నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు, లేదంటే దాని దగ్గరి చుట్టం కామన్ మార్మన్ పిల్లలు. రెట్టలా కనబడితే పిట్టలు ముట్టుకోవు, అదీ దాని బతుకు తెలివి. చివరిసారి కుబుసం విడిచాక పచ్చరంగుకి మారిపోతుంది, అప్పుడు ఆకుల్లో కలిసిపోయి పక్కనే ఉన్నా కనబడదు. పుల్లతో మెల్లిగా తాకితే తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ముల్లాంటివి రెండు బయటికి తోస్తుంది, ఘాటు వాసనొస్తుంది (ఒక్కసారి చాలు, బాబుని రోజంతా పొడవనివ్వకండి పాపం). వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా నెల లోపే అయిపోతుంది, అంటే స్కూలు వాళ్లిచ్చిన టైంలో మొత్తం కథ బాల్కనీలోనే చూడొచ్చు. స్కేలు పెట్టి పొడుగెంతో రాయమనండి, ఇవాళ ఎన్ని ఆకులు తిన్నదో, పొద్దున ఎక్కువ తింటోందా సాయంత్రమా, రంగు ఏ రోజు మారింది, తినడం ఎప్పుడు ఆపేసి గూడు కోసం ఎటు నడిచింది, ఇవన్నీ.

ముందే ఒకటి చెప్పి ఉంచండి, అన్నీ సీతాకోకచిలుకలు అవ్వవు. చిన్న చిన్న కందిరీగ జాతి పురుగులు వీటి ఒంట్లో గుడ్లు పెట్టేస్తాయి, అప్పుడు ప్యూపాలోంచి సీతాకోకచిలుక బదులు అవి బయటికొస్తాయి. బాబు ఏడిస్తే ఏడవనివ్వండి, అది కూడా తేదీ వేసి రాయాల్సిందే. కరివేపాకు అంటారా, నాలుగు రెబ్బలు పక్కింట్లో అడగండి ఈ నెలకి.

వికారాబాద్ కూడా వెళ్లండి, వద్దని ఎవరన్నారు. కానీ ఒక్కసారి చూసొచ్చిన అడవి గురించి "చాలా బాగుంది" తప్ప ఏం రాయలేం, పదిసార్లు చూసినదాని గురించే రాయగలం. మీకు దగ్గర్లో అమీన్‌పూర్ చెరువు ఉంది కదా, 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా ప్రకటించారు దాన్ని, ఆదివారాలు అదే గట్టు మీద అదే చోట నిలబడితే చాలు. పావురాలు కూడా ప్రకృతేనండీ, ఏసీ డబ్బా మీద మగపావురం మెడ ఉబ్బించి గుండ్రంగా తిరగడం కిటికీలోంచి చూసి రాయొచ్చు. రెట్టలు మాత్రం ముట్టుకోనివ్వకండి, ఊడ్చేటప్పుడు దగ్గర నిలబడనివ్వకండి, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ప్రశ్న: నాకు బొమ్మలు రావు. జర్నల్‌లో బొమ్మలు కంపల్సరీనా? - ఏడో తరగతి, ఏలూరు

గీయి, కానీ బాగుండాలని గీయకు. కాకిని గీస్తే బంగాళాదుంపలా వచ్చినా పర్లేదు, మెడ దగ్గర బూడిదరంగు ఉందా లేక ఒళ్లంతా నలుపేనా అని బాణం గుర్తు పెట్టి పక్కన రాయి, బూడిద మెడైతే మామూలు ఊరకాకి, మొత్తం నలుపై ముక్కు లావుగా ఉంటే బొంతకాకి. గీసేటప్పుడే ఈ తేడా కనబడుతుంది, ఫోటో తీస్తే కనబడదు, ఫోన్ జేబులో పెట్టేసి వెళ్లిపోతాం.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో జడ్పీ హైస్కూలు. ఎనిమిదో తరగతి పిల్లలతో జర్నల్ రాయిస్తున్నాను. సగంమంది ఫోన్‌లో చూసి దించేస్తున్నారు. "రిఫ్లెక్షన్" భాగానికి మార్కులు ఎలా వేయాలో కూడా తెలియట్లేదు. తేలుకుంచి తీసుకెళ్లి కొంగల్ని చూపిస్తే అందరూ ఒకేలా "ఈ పక్షులు సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చాయి" అని రాశారు. - ఒక సైన్స్ మాస్టారు

మాస్టారూ, పిల్లల్ని తిట్టకండి. ఆ వాక్యం ఏటా పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది, ఊళ్లో పెద్దవాళ్లూ అంటారు. కానీ ఆ కొంగలు సైబీరియావి కావు. తేలుకుంచిలో గూళ్లు పెట్టేవి ఓపెన్‌బిల్ కొంగలు, తేలినీలాపురంలో చూసే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూడా అంతే, ఇవి మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ పుట్టి పెరిగే పక్షులు, తిండి కోసం, గూళ్ల కోసం ఊళ్లు మారతాయి.

అయితే ఈ మాట మీరు చెప్పేయకండి. పిల్లల చేతే పట్టించొచ్చు, అదే మీకు కావల్సిన రిఫ్లెక్షన్. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి. ఇవి ఏ నెలలో వచ్చాయి? జూన్‌లో, వానలతో పాటు. వచ్చి ఏం చేశాయి? గూడు కట్టి గుడ్లు పెట్టాయి. మరి చలికి తట్టుకోలేక ఉత్తరం నుంచి దిగే పక్షి ఏ నెలలో రావాలి, గుడ్లు ఎక్కడ పెట్టాలి? పిన్‌టెయిల్ బాతుల్లాంటివి నిజంగా అంత దూరం నుంచే వస్తాయి, కానీ అవి చలికాలంలో వచ్చి ఎండలు ముదరకముందే వెళ్లిపోయి అక్కడే గుడ్లు పెట్టుకుంటాయి. జూన్‌లో సైబీరియాలో చలి ఎక్కడిది, అక్కడ అప్పుడు ఎండాకాలం! ఈ ముక్క ఒక్క పిల్లాడు పట్టుకున్నా క్లాసంతా గోలగోల అవుతుంది చూడండి. తర్వాత ముక్కు వైపు తిప్పండి. పెద్ద కొంగకి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. వాటి ముఖ్యమైన తిండి నత్తలు. వానలు పడి పొలాలు నిండితే నత్తలు, నత్తలుంటే కొంగలు, జూన్‌లోనే ఎందుకొచ్చాయో అక్కడ దొరుకుతుంది.

మార్కుల సంగతి. మన పిల్లలు రిఫ్లెక్షన్ అంటే చివర్లో ఒక నీతివాక్యం అనుకుంటున్నారు, "కావున మనమందరం పక్షులను కాపాడుకుందాం" అని. దానికి సున్నా వేయమనను గానీ మార్కు వేయకండి. నేనైతే ఇంకెవరూ రాయలేని వాక్యం పేజీలో ఒక్కటైనా ఉందా అని చూస్తా, అడిగిన ప్రశ్న కోసం మళ్లీ వెళ్లి చూశాడా అని చూస్తా, పోయినవారం అనుకున్నది ఈ వారం మార్చుకున్నాడా అని చూస్తా. ఈ చివరిది ఉంటే ఫుల్ మార్కులే, ఒత్తులూ దీర్ఘాలూ తప్పులున్నా సరే. ఇక కాపీ గురించి, ఫోన్ లాక్కోవడం మన వల్ల అయ్యే పని కాదు, ఫోన్‌లో దొరకని ప్రశ్న ఇవ్వండి. "చీమల జీవితం" అని ఇస్తే దించేస్తారు, "మన బడి బోరింగు దగ్గర ఇంటర్వెల్‌లో చీమల బారు ఎటు నుంచి ఎటు, ఏం మోస్తున్నాయి" అని ఇస్తే ఎక్కడ దించుతారు?

ప్రశ్న: నేను డిగ్రీ సెకండియర్, రాజమండ్రి. జర్నల్‌లో "కోకిలమ్మ పాట వింటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది" అని రాస్తే లెక్చరర్ ఎర్ర ఇంకుతో కొట్టేసి "సైన్స్ రాయి" అన్నారు. ఫీలింగ్స్ రాయకూడదా?

రాయొచ్చు. కాకపోతే చూసింది ఏది, అనిపించింది ఏది అన్నది కలిపేయకు. పేజీ మధ్యలో నిలువు గీత గీసి ఎడమ పక్క కంటికీ చెవికీ తగిలింది, కుడి పక్క మనసుకి తగిలింది రాసుకో, కొన్నాళ్లకి గీత అవసరం లేకుండానే చెయ్యి అలవాటు పడుతుంది.

మీ లెక్చరర్ అమ్మమ్మని కొట్టేసే బదులు "కోకిలమ్మ" దగ్గర ఆగి ఉంటే బాగుండేది. కూ అని సాగదీసి పాడేది మగది, నల్లగా మెరుస్తూ ఎర్ర కళ్లతో ఉంటుంది. ఆడకోకిల గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కిక్ కిక్ కిక్ అని గబగబా అరిచి ఎగిరిపోతుంది. మన పాటల్లో పద్యాల్లో కోయిలమ్మని చేసేశాం గానీ పాపం పాడేది అయ్యే. ఆడది కాకి గూట్లో గుడ్డు పెట్టేసి వెళ్తుంది, అందుకే కాకులు కోకిలని తరుముతుంటాయి, ఎండాకాలంలో ఒక గంట కూర్చుంటే ఈ తగాదా కనబడుతుంది.

ఇక అమ్మమ్మ. "గుర్తొచ్చింది" దగ్గర ఆపేశావు, అక్కడినుంచే అసలు పని. ఎందుకు గుర్తొచ్చింది? ఆవిడ డాబా మీద వడియాలు పెడుతుంటే విన్నావా? అది ఏ నెల? ఏ చెట్టు మీద నుంచి? ఆ చెట్టు ఇప్పుడుందా? ఇట్లా నిన్ను నువ్వే అడుగుతూ పోతే ఫీలింగ్‌లో కూడా నెల, చెట్టు, ఊరు బయటికొస్తాయి, అప్పుడు ఎర్ర ఇంకు పెట్టడం కష్టం.

ఓపిక గురించి ఒక్క మాట. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ 1930లో ఉద్యోగం లేకుండా ముంబై దగ్గర కిహీం అనే సముద్రపు ఊళ్లో ఉన్నాడు, అక్కడ దగ్గర్లో గిజిగాళ్ల గూళ్లుంటే రోజూ వాటినే చూస్తూ రాసుకున్నాడు. మగది సగం గూడు కట్టి ఆపుతుంది, ఆడవి వచ్చి చూసుకుంటాయి, ఒకదానికి నచ్చితే అందులో చేరుతుంది, అప్పుడు మిగతా సగం పూర్తవుతుంది, తర్వాత మగది పక్కనే ఇంకో గూడు మొదలెట్టి ఇంకో ఆడదాని కోసం చూస్తుంది. అంతకుముందు ఆ సగం గూళ్లని చూసి జనం రకరకాల కథలు చెప్పుకునేవాళ్లు. ఆ తర్వాతే ఆయన నిజాం హైదరాబాద్ స్టేట్‌లో పక్షుల సర్వేకి వచ్చాడు. మీ గోదావరి పక్క తాటిచెట్లకి వానాకాలంలో గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి కదా, కొన్ని సగంలో ఆగిపోయి ఉంటాయి, లెక్కపెట్టి చూడు.

ప్రశ్న: ప్రకాశం జిల్లా, ఏజీ బీఎస్సీ చదువుతున్నా. మా తాత కార్తెలు, సామెతలు చెప్తుంటాడు. ఇవి జర్నల్‌లో రాస్తే మూఢనమ్మకం అంటారేమో?

కార్తెలు మన రైతుల జర్నలేగా అబ్బాయ్, కాగితం లేకుండా నడిచింది అంతే. 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు, సూర్యుణ్ణి బట్టి లెక్క కాబట్టి ఇంగ్లీషు తేదీల్లో పెద్దగా జరగవు, రోహిణి మే 25 ప్రాంతం, మృగశిర జూన్ 7-8, ఆరుద్ర జూన్ 21-22. రాయి, కానీ తాత మాటని తాత మాటగా రాయి, దాని కింద ఈ ఏడు నువ్వు చూసింది రాయి. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అన్నాడా, ఆ రెండు వారాలూ మధ్యాహ్నం టెంపరేచర్ రాసి మిగతా మే నెలతో పోల్చు. ఆరుద్ర పురుగు, ఆ ఎర్ర మఖ్మల్ లాంటిది, కార్తె చూసుకుని వస్తుందా వాన చూసుకుని వస్తుందా? వాన ముందే పడ్డ ఏడు, లేటుగా పడ్డ ఏడు రెండూ నీ పుస్తకంలో ఉంటే నువ్వే తేల్చగలవు. దాని కాళ్లు కూడా లెక్కపెట్టు, ఎనిమిది, అంటే పురుగు అంటున్నాం గానీ సాలీడు వైపు చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు ఆరే కాళ్లు, మిడతల్లాంటి పురుగుల ఒంటిని పట్టుకుని బతుకుతుంది.

అన్ని సామెతలూ పరీక్షకి నిలబడవు మరి. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అంటాం, ఎంత ముదిరినా అవ్వదు, రెండూ వేరు వేరు కుటుంబాలు. తొండ మగది జత కట్టే కాలంలో తల, మెడ ఎర్రబడేసరికి జనం అట్లా అనుకున్నారు. ఊసరవెల్లికి రెండు కళ్లూ చెరో వైపు తిరుగుతాయి, వేళ్లు కొమ్మని పటకారులా పట్టుకుంటాయి, నడక బహు నిదానం. తొండ అయితే నిన్ను చూడగానే పరుగే పరుగు. దీన్ని తాతకి చెప్పేటప్పుడు కొంచెం చూసి చెప్పు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పాప ఫోర్త్ గ్రేడ్, స్కూల్లో నేచర్ జర్నల్ ఇచ్చారు. తెనాలిలో మా నాన్నగారు కూడా పాపతో పాటు రాస్తానంటున్నారు. ఇద్దరూ కలిసి చూడటానికి ఏమైనా ఉందా?

భలే ఉంది. పాపని మోనార్క్ సీతాకోకచిలుకల కోసం చూడమనండి, మెక్సికో వెళ్తూ అక్టోబర్‌లో మీ ఊరి మీదుగానే పోతాయి, మార్చి ఏప్రిల్‌లో తిరిగొస్తాయి, టెక్సస్ వాళ్ల రాష్ట్ర కీటకం కూడా అదే. వాటి పిల్లలు మిల్క్‌వీడ్ మొక్క ఆకులే తింటాయి. నాన్నగారిని తెనాలిలో ఏ ఖాళీ స్థలంలోనో జిల్లేడు పొద వెతుక్కోమనండి, జిల్లేడు కూడా మిల్క్‌వీడ్ కుటుంబమే, దాని మీద ప్లెయిన్ టైగర్ అని నారింజరంగు సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది, అది మోనార్క్‌కి సొంత చుట్టం. పిల్లలు కూడా రెండు చోట్లా నలుపు పసుపు తెలుపు చారలతో ఉంటాయి. పాల మొక్కలోని విషాన్ని ఒంట్లో దాచుకుని పిట్టలకి చేదెక్కేదీ రెండూనూ. తాతా మనవరాలూ ఆదివారం వీడియో కాల్‌లో పేజీలు ఎదురెదురు పెట్టుకుని చారలు పోల్చుకోవచ్చు. జిల్లేడు పాలు కంట్లో పడకుండా మాత్రం చూసుకోమనండి పెద్దాయన్ని.

ప్రశ్న: ఇవన్నీ రాస్తే ఎంసెట్‌లో మార్కులొస్తాయా? - ఒక తండ్రి, కరీంనగర్

రావండి.

అయినా అడిగారు కాబట్టి చెప్తా. అమెరికాలో కాంకర్డ్ అనే ఊళ్లో థోరో అనే ఆయన 1850లలో ఏ పువ్వు ఏ రోజు పూసిందో రాసుకుంటూ పోయాడు, ఎవరూ అడగలేదు, జీతం లేదు. నూటయాభై ఏళ్ల తర్వాత సైంటిస్టులు ఆ తేదీలు తీసి అదే ఊళ్లో పూలతో పోల్చి చూస్తే ఇప్పుడు సగటున ఒక వారం ముందే పూస్తున్నాయని తేలింది. వాతావరణం వేడెక్కుతోందనడానికి ఇప్పుడు ఆ నోట్‌బుక్ సాక్ష్యం. మన దేశంలో సీజన్‌వాచ్ అని ఉంది, ఒక చెట్టుని ఎంచుకుని వారంవారం ఆకు, పూత, కాయ ఎట్లా ఉన్నాయో పంపితే చాలు, స్కూలు పిల్లలే ఎక్కువగా చేస్తారు. మీ ఇంటి ముందు వేప ఈసారి ఉగాదికి ముందే పూసిందా, తర్వాతా? పోయినేడాది? గుర్తులేదు కదా, ఎవరికీ గుర్తుండదు, అందుకే రాయడం.

ప్రశ్న: నేను ఇంటర్ ఫస్టియర్, హాస్టల్. పొద్దున ఐదింటికి లేపుతారు, రాత్రి పది దాకా స్టడీ అవర్స్. గ్రౌండ్ లేదు, చెట్టు లేదు. స్కూల్లో ఉన్నప్పుడు జర్నల్ రాసేదాన్ని, ఇప్పుడేం చూడాలి?

ఈ ఉత్తరం చదివాక కాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు. చెట్టు లేని చోట పిల్లల్ని రెండేళ్లు పెట్టడం గురించి నాకు చాలా కోపాలున్నాయి, అవి ఇంకో పేజీలో రాస్తా.

నీకు కిటికీ ఉందా? ట్యూబ్‌లైట్ ఉందా? రెండూ ఉంటే చాలు తల్లీ. ట్యూబ్‌లైట్ దగ్గర బల్లి ఉంటుంది, ఉండి తీరుతుంది. ఎన్నింటికి వస్తుంది, ఒకటేనా రెండా, రెండోది వస్తే మొదటిది ఏం చేస్తుంది, ఏ పురుగుని వదిలేసి ఏ పురుగుని పట్టుకుంటుంది, వాన పడ్డ రాత్రి ఏం మారింది. తోక తెగి మళ్లీ మొలుస్తున్న బల్లి కనబడితే నీ అదృష్టం, కొత్త తోక రంగు పాతదానితో కలవదు, వారంవారం పొడుగు గీసుకో. ఇంకోటి చంద్రుడు. పౌర్ణమి రోజు సూర్యుడు దిగే టైంకి ఎక్కుతాడు, ఆ తర్వాత రోజుకి సుమారు యాభై నిమిషాలు లేటు. రోజూ ఒకే టైంకి, ఒకే కిటికీలోంచి చూసి ఎదురు బిల్డింగ్ బొమ్మ గీసి దాని మీద చంద్రుడు ఎక్కడున్నాడో చుక్క పెట్టు. కనబడని రోజు "లేడు" అని రాయి, అది కూడా లెక్కే. రెండు లైన్లు చాలు, ఫిజిక్స్ రఫ్ నోట్స్ వెనక పేజీలో రాసినా ఎవరూ పట్టుకోరు.

ప్రశ్న: మెర్లిన్ లాంటి యాప్‌లు వాడొచ్చా? పిట్ట అరుపు వినిపిస్తే పేరు చెప్పేస్తుంది కదా. - బీఈడీ విద్యార్థి, కర్నూలు

వాడండి, కానీ ముందు ఐదు నిమిషాలు మీరు చూసి రాసుకున్నాకే ఫోన్ తీయండి. పేరు తెలిసిపోగానే చూడటం ఆపేస్తాం మనుషులం, అదొక్కటే నా భయం. యాప్ కొన్నిసార్లు తప్పు కూడా చెప్తుంది, మీ నోట్స్‌లో తోక పొడుగు, కాళ్ల రంగు ఉంటే అప్పుడు మీరే పట్టుకోవచ్చు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి కనబడ్డ పిట్టలన్నీ ఈబర్డ్ అనే పక్షుల లెక్కల సైట్‌లో ఎక్కిస్తే సరిపోతుంది, రేపు మీరు టీచరయ్యాక క్లాసుతో చేయించడానికి సులువైనది అదే. గూట్లో గుడ్లు, పిల్లలు ఉంటే మాత్రం దగ్గరికెళ్లి ఫోటోలు తీయకండి, మనం చూపించిన దారినే కాకులూ పిల్లులూ వస్తాయి, తీతువు పిట్ట అయితే నేల మీదే గుడ్లు పెడుతుంది, అది అరుస్తూ మీ నెత్తి మీద తిరుగుతోందంటే మీరు గుడ్ల దగ్గరే ఉన్నారన్నమాట, కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడవండి.